కట్టినోడూ కట్టనోడూ ఒకటేనా?

జమ్మలమడుగు దగ్గర మా ఊళ్లో ఒకాయన చనిపోయి ఏడాదైన రోజు, ఇంటి ముందర షామియానా వేసి జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. బతికినంత కాలం ఆయనది తాగుడు, పేకాట, ఇంట్లో భార్యను కొట్టడం. లివర్ చెడిపోయి మంచం పట్టాక పాస్టరు గారు రోజూ వచ్చి ప్రార్థన చేసేవారు. పోవడానికి మూడు నెలల ముందు బాప్తిస్మం తీసుకున్నాడు. కూడికలో పాస్టరు గారు "ఆయన ఈరోజు ప్రభువు సన్నిధిలో ఉన్నాడు, ఇది కేవలం కృప" అన్నారు. వెనక కుర్చీలో కూర్చున్న మా పెద్దనాయన ఊరుకోలేదు.

"ఏం పాస్టరయ్యా, ముప్పై ఏండ్లు చర్చి ఊడ్చిన ముసిలామె ఆ ముందర కూర్చోనుంది. ఆమెకూ అదే పరలోకం, ఈయప్పకూ అదే పరలోకమా? కట్టినోడూ కట్టనోడూ ఒకటేనా?"

జనం నవ్వారు. ఆ మాట ఎక్కడిదో ఊళ్లో అందరికీ తెలుసు. 2008లో కేంద్ర ప్రభుత్వం రైతుల రుణాలు మాఫీ చేసింది. రెండు హెక్టార్లు, అంటే ఐదెకరాల లోపు రైతుకు గడువు దాటిన బాకీ మొత్తం రద్దు. అంతకు మించి పొలం ఉన్నవాళ్లు నూటికి 75 కడితే మిగతా 25 మాఫీ. మా పెద్దనాయన అంతకు ముందే ఎద్దులమ్మి బ్యాంకు బాకీ తీర్చేశాడు. ఆయనకు ఏమీ రాలేదు. ఆ కడుపుమంట ఇప్పటికీ చల్లారలేదు.

పాస్టరు గారు ఒక వాక్యం చెప్పి, పాట ఎత్తుకుని దాటేశారు. నాకు మాత్రం ఆ ప్రశ్న దాటేసేదిగా అనిపించలేదు. "రక్షణ కేవలం దేవుని కృప వల్లే" అన్న సిద్ధాంతం మీద పదిహేను వందల ఏళ్లుగా సాగిన వాదమంతా దాదాపు ఆ రెండు మాటల్లోనే ఉంది.

జీతమా, వరమా

తొలినాటి క్రైస్తవ బోధకుడు పౌలు రోమీయులకు రాసిన పత్రికలో, అంటే ఉత్తరంలో, ఈ విషయాన్ని కూలి లెక్కలోనే చెప్పాడు. పని చేసినవాడికి ఇచ్చే జీతం బాకీ తీర్చడం అవుతుంది, దానం అవదు. యజమాని అది ఇచ్చి తీరాలి. ఇంకో రెండు అధ్యాయాల తర్వాత, పాపం వల్ల వచ్చే జీతం మరణమనీ, దేవుని కృపావరం నిత్యజీవమనీ అంటాడు. ఇక్కడ జీతమని మన బైబిల్లో ఉన్నచోట గ్రీకులో ఉన్నది సైనికుల బత్తేనికి వాడే మాట. పాపం తన కింద పనిచేసినవాళ్లకు బత్తెం ఎగ్గొట్టదు, ఠంచనుగా ఇస్తుంది. రెండో పక్కన కూడా "మంచికి జీతం నిత్యజీవం" అని ఉంటే వాక్యం తూకంగా ఉండేది. పౌలు అలా రాయలేదు, ఆ పక్కన జీతం అన్న మాటే తీసేశాడు.

సిద్ధాంతం మొత్తానికి ఇరుసు ఇదే. మనిషి ఎంత మంచి చేసినా దేవుడు అతనికి బాకీ పడడు. చర్చి ఊడ్చిన ముప్పై ఏళ్లు ఆ ముసలామెకు పరలోకం మీద హక్కుపత్రం కావు. తాగుబోతుకు ఎలా ఉచితమో ఆమెకూ అలాగే ఉచితం. మా పెద్దనాయన పోలిక ఇక్కడే కాస్త దారి తప్పింది. ఆయన లెక్కలో ముసలామె "కట్టినోళ్ల" జాబితాలో ఉంది. పౌలు లెక్కలో కట్టినవాళ్లే లేరు, ఊరంతా ఐదెకరాల లోపు రైతులే.

రుణమాఫీ పోలిక ఇంకోచోట కూడా ఆగిపోతుంది. మాఫీ చేసినప్పుడు ఆ డబ్బు ఖజానా నుంచి బ్యాంకుకు పోతుంది, అంటే ఎవరో ఒకరు కట్టాల్సిందే. క్రైస్తవ విశ్వాసంలో అప్పిచ్చినవాడే ఆ భారం తన మీద వేసుకున్నాడు. సిలువ అంటే అదే. తీసుకునేవాడికి ఉచితం, ఇచ్చినవాడికి కాదు.

యేసు చెప్పిన ద్రాక్షతోట కూలీల కథ మన సీమలో వివరించే పనిలేదు. మత్తయి సువార్త 20వ అధ్యాయం. యజమాని తెల్లవారుజామున కొందరిని పిలిచాడు, తొమ్మిదికి కొందరిని, పన్నెండుకు, మూడుకు, చివరికి సాయంత్రం ఐదుకు కొందరిని. పొద్దుగూకాక అందరికీ ఒకే దేనారం ఇచ్చాడు. చెనక్కాయ పెరికే రోజుల్లో ఎవరైనా రైతు ఇలా చేస్తే మర్నాడు పొద్దున్నే ఒక్క కూలీ కూడా రాడు. ఆ కథలోనూ ముందొచ్చినవాళ్లు గొణిగారు. పగలంతా ఎండలో మాడిన మమ్మల్నీ, గంటసేపు చేసిన వీళ్లనూ సమానం చేస్తావా అన్నారు. యజమాని జవాబులో మన తెలుగు బైబిల్ వాడిన మాట కడుపుమంట: "నేను మంచివాడనైనందున నీకు కడుపుమంటగా ఉన్నదా?"

ఈ కథలో చాలామంది చూడకుండా పోయే చిన్న సంభాషణ ఒకటుంది. పొద్దున్నుంచీ ఊరికే ఎందుకు నిలబడ్డారని ఐదు గంటలకు యజమాని అడిగితే వాళ్లు "ఎవరూ మమ్మల్ని పెట్టుకోలేదు" అంటారు. వాళ్లు చెట్టు నీడన పడుకుని రాలేదు. కూలీల అడ్డాలో సాయంత్రం దాకా పిలుపు రాక నిలబడటం ఎంత టెన్షనో నిలబడినవాళ్లకే తెలుసు. అది సుఖమని ఎండలో పనిచేసినవాడు అనుకుంటున్నాడంటే, అడ్డా ఎలా ఉంటుందో వాడు మర్చిపోయాడన్నమాట.

ఒక క్రియాపదం, మూడు పనులు

మా ఇంట్లో రెండు రకాల క్రైస్తవం ఉంది. నాయన వైపు వాళ్లు ప్రొటెస్టెంట్లు, వాళ్లది లండన్ మిషన్, తర్వాత సీఎస్ఐ, అంటే చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా. ఆ మిషన్ కడపకు 1822లో వచ్చింది. అమ్మ వైపు వాళ్లు కతోలికులు, కడప మేత్రాసనం. చిన్నప్పుడు సెలవులకు అమ్మమ్మ ఇంటికి పోతే "దేవ వరప్రసాదము చేత నిండిన మరియమ్మా, వందనము" అని జపం చెప్పించేది. జేజి, అంటే నాయనమ్మ, ఇంట్లో వరప్రసాదం అన్న మాటే వినపడదు, అంతా కృప. లూకా సువార్తలో దేవదూత మరియతో అన్న ఆ మాటే జేజి బైబిల్లో "దయాప్రాప్తురాలా" అని ఉంటుంది. గ్రీకులో అన్నిటికీ వేరు ఒకటే, ఖారిస్. ఒక ఇంట్లో కృపమ్మ, ఇంకో ఇంట్లో వరప్రసాద్. ఒకే మాటను రెండు సంఘాలు రెండు పేర్లతో పెంచాయి, అంతే.

అయితే గొడవ పేర్ల దగ్గర లేదు. "నీతిమంతులుగా తీర్చబడుట" అని బైబిల్లో వచ్చే మాట ఉంది చూడండి, అక్కడుంది. "తీర్చు" అన్న తెలుగు క్రియను ఒకసారి విప్పి చూస్తే ఐరోపా రెండుగా చీలిన కథంతా కనపడుతుంది. అప్పు తీరుస్తాం. తీర్పు తీరుస్తాం. ముగ్గునూ బిడ్డనూ తీర్చి దిద్దుతాం. మరి దేవుడు పాపిని నీతిమంతుడిగా తీర్చడం ఈ మూడింటిలో ఏది?

ఐదో శతాబ్దం మొదట్లో ఈ ప్రశ్న ఇంకా ఇంత సన్నగా చీలలేదు. అప్పటి తగువు ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో నగరపు బిషప్ ఆగస్టీనుకూ, రోములో పేరున్న పెలాగియస్ అనే సన్యాసికీ మధ్య. ఆగస్టీను ఒక ప్రార్థన రాసుకున్నాడు: నువ్వు ఆజ్ఞాపించేది చేసే శక్తి నువ్వే ఇవ్వు, ఆ తర్వాత నీకు ఇష్టమైనది ఆజ్ఞాపించు. అది విని పెలాగియస్‌కు ఒళ్లు మండింది. ఇలా అయితే మనుషులు ఒక్క మంచి పనికైనా పూనుకుంటారా అన్నది ఆయన బాధ. దేవుడు మంచి చెడు తెలిసే బుద్ధి ఇచ్చాడు, ధర్మశాస్త్రం ఇచ్చాడు, క్రీస్తును మాదిరిగా చూపించాడు, ఇంక నడవాల్సింది మనమే అన్నాడు. నిజం చెప్పాలంటే మన పెద్దమనుషుల్లో ఎక్కువమంది, ఏ మతం వాళ్లైనా, లోపల పెలాగియస్ శిష్యులే. 418లో కార్తేజి సభ ఆయన బోధను తోసిపుచ్చింది. 529లో ఆరెంజ్ పట్టణంలో జరిగిన సభ ఇంకో అడుగు వేసి, నమ్మాలన్న తొలి కోరిక కూడా కృప పుట్టించేదే అంది. అంటే కృప లేకుండా రక్షణ లేదన్న మాట, ప్రొటెస్టెంటు చీలికను మొదలుపెట్టిన జర్మన్ సన్యాసి మార్టిన్ లూథర్ కనిపెట్టింది కాదు. ఆయనకు వెయ్యేళ్ల ముందే అది సంఘం అధికారికంగా ఒప్పుకున్న మాట.

లూథర్ కొత్తగా తెచ్చింది ఆ క్రియాపదం గురించిన పట్టుదల. 1517 అక్టోబరు 31న విట్టెన్‌బర్గ్‌లో ఆయన 95 వాదాంశాలు బయటపెట్టింది పాపశిక్ష తగ్గింపు పత్రాల అమ్మకం మీద. రోములో పేతురు మహాదేవాలయం కట్టడానికి ఆ డబ్బు పోతోంది. అది పైకి కనపడే గొడవ. లోపల ఆయన్ను తొలిచేసిన ప్రశ్న వేరు: నేను సరిపడా మారానని నాకు ఎప్పటికి తెలుస్తుంది? లాటిన్ బైబిల్లో ఉన్న క్రియ "నీతిమంతుణ్ణి చేయడం" అన్న అర్థం వైపు మొగ్గుతుంది. గ్రీకు క్రియ కోర్టు మాట, "నీతిమంతుడని తీర్పు చెప్పడం". లూథర్ ఆ రెండోదాన్ని పట్టుకున్నాడు. మనిషి లోపల ఇంకా పాపం ఉండగానే, క్రీస్తు నీతి అతని ఖాతాలో పడుతుంది, తీర్పు వచ్చేస్తుంది. దిద్దడం ఆ తర్వాత మొదలై బతికినంత కాలం సాగుతుంది. తీర్పు మాత్రం దిద్దడం పూర్తయ్యేదాకా ఆగదు.

1522లో ఆయన కొత్త నిబంధనను జర్మన్‌లోకి తెచ్చినప్పుడు రోమా 3:28లో "విశ్వాసం వల్ల" అన్నచోట "మాత్రమే" అన్న మాట చేర్చాడు. గ్రీకులో అది లేదని కతోలిక పండితులు విరుచుకుపడ్డారు. జర్మన్ భాషలో అలా అంటేనే అర్థం నిలబడుతుందని ఆయన వాదన. ఇక్కడ మన తెలుగును చూసి నేను నవ్వుకుంటాను. జేజి బైబిల్లో అదే వచనం "విశ్వాసమువలననే" అని ఉంటుంది. ఎఫెసీ 2:8 "కృపచేతనే రక్షింపబడియున్నారు" అంటుంది. ఆ రెండు చోట్లా గ్రీకులో "మాత్రమే" అనే మాట లేదు. లూథర్ అన్ని తిట్లు తిని చేర్చినదాన్ని మనవాళ్లు ఒక్క "నే"తో, ఎవరి కంటా పడకుండా చేసేశారు.

కతోలిక సంఘం జవాబు ట్రెంట్ మహాసభలో వచ్చింది, 1547 జనవరిలో. ప్రొటెస్టెంటు ప్రసంగాల్లో ట్రెంట్ అనగానే "క్రియల వల్ల రక్షణ అన్నవాళ్లు" అని తేల్చేస్తుంటారు. అది తప్పు. ఆ తీర్మానంలో మొట్టమొదటి ఖండనే, దేవుని వరప్రసాదం లేకుండా మనిషి తన సొంత పనులతో నీతిమంతుడు కాగలడని అనేవాళ్ల మీద. తీర్చబడటానికి ముందున్నది ఏదైనా, విశ్వాసమైనా సరే పనులైనా సరే, ఆ వరాన్ని సంపాదించలేదనీ అందులో ఉంది. వాళ్లు ఒప్పుకోనిది వేరే: తీర్పునూ దిద్దడాన్నీ విడదీయడం. దేవుడు ఒకణ్ణి నీతిమంతుడని అంటే, అన్న మాటతోనే అతన్ని నీతిమంతుడిగా చేయడం మొదలుపెడతాడు, ఆ పనిలో మనిషి చేయి కలుపుతాడు, ఆ చేయి కలిపే శక్తి కూడా వరప్రసాదమే అని వాళ్ల బోధ. జేజిది న్యాయస్థానం, అమ్మమ్మది ఆసుపత్రి. జడ్జి ఒక్క మాటతో విడుదల చేస్తాడు, డాక్టరు నెలల తరబడి బాగుచేస్తాడు.

ఈ తగువులో దేశాల మధ్య యుద్ధాలు కూడా జరిగాయి. చివరికి 1999 అక్టోబరు 31న, ఆగ్స్‌బర్గ్‌లో, లూథరన్ ప్రపంచ సమాఖ్యా కతోలిక సంఘమూ ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశాయి. మనలోని ఏ యోగ్యత వల్లా కాకుండా, కృప చేత మాత్రమే, దేవుడు మనల్ని అంగీకరిస్తాడనీ, అంగీకరించినవాళ్ల హృదయాలను పరిశుద్ధాత్మ కొత్తవిగా చేసి మంచి పనులకు పిలుస్తాడనీ రెండు పక్షాలూ కలిసి చెప్పాయి. 2006లో మెథడిస్టులు కూడా చేరారు. తేడాలు అన్నీ పోలేదు, అవి ఒకరినొకరు శపించుకునేంత పెద్దవి కావని మాత్రం ఒప్పుకున్నారు. ఆ సంతకాల వార్త మా రెండు ఇళ్లలో ఎవరికీ చేరలేదు. అమ్మమ్మ పోయేదాకా మా జేజి ఆమెను "విగ్రహాలోళ్లు" అనే అంది.

పిల్లి పిల్ల, కోతి పిల్ల

ఇంకో ముడి మిగిలింది. అంతా కృపే అంటే, చేయి చాపి అందుకోవడం ఎవరి పని? నమ్మడం కూడా ఒక పనే కదా?

ఈ ప్రశ్న ఎక్కడో యూరప్‌లో పుట్టిందనుకునేవాళ్లు ఒకసారి అహోబిలం వైపు చూడాలి. నిన్నమొన్నటి దాకా కర్నూలు జిల్లాలోనే ఉండి, 2022 నుంచి నంద్యాల జిల్లాలోకి పోయింది. శ్రీవైష్ణవుల్లో వడగలై, తెంగలై అని రెండు శాఖలున్నాయి, అహోబిల మఠం వడగలై. వాళ్ల తగువు సరిగ్గా ఇదే. కోతి పిల్ల తల్లి పొట్టను తనే పట్టుకుని వేలాడుతుంది. తల్లి మోస్తున్న మాట నిజమే, పట్టు మాత్రం పిల్లది. పిల్లి పిల్ల అలా కాదు, తల్లి నోట కరుచుకుని తీసుకుపోతుంది, పిల్ల చేసేదేమీ లేదు. మొదటిది మర్కట న్యాయం, వడగలై వాళ్లది. రెండోది మార్జాల న్యాయం, తెంగలై వాళ్లది. తెంగలై వాళ్లు కారణం అడగని ఆ దయను నిర్హేతుక కృప అంటారు. వడగలై వాళ్లు కూడా పిల్ల పట్టు వల్లే మోక్షం వస్తుందని అనరు. శరణాగతి ఒక వ్యాజం, చిన్న సాకు మాత్రమే అంటారు.

దేవుడి గురించి చెప్పేది వేరు, క్రీస్తు అన్న కేంద్రం వేరు, కాబట్టి ఈ రెండు సంప్రదాయాలనూ ఒకటి చేయను. ప్రశ్న ఆకారం మాత్రం ఒకటే. లూథర్ తర్వాతి తరం ప్రొటెస్టెంటు నాయకుడు కాల్విన్ వారసులు పిల్లి పక్షం. 1618-19లో డచ్ దేశంలో డార్ట్ అనే పట్టణంలో సభ పెట్టి, దేవుడు ఎన్నుకున్నవాళ్లను కృప విడవకుండా తీసుకుపోతుందనీ, నమ్మకం కూడా ఆయన ఇచ్చేదేననీ తేల్చారు. డచ్ పండితుడు ఆర్మీనియస్ అనుచరులు, తర్వాత మెథడిస్టులకు మూలపురుషుడైన వెస్లీ, కోతి పక్షానికి దగ్గర. వెస్లీ చెప్పింది, అడగకముందే అందరికీ కొంత కృప వస్తుంది, దానివల్లే మనిషికి పట్టుకునే వేళ్లు పనిచేస్తాయి, పట్టుకోవడమో వదిలేయడమో అప్పుడు అతని చేతిలో ఉంటుంది. కర్నూలులో అమెరికన్ బాప్టిస్టుల సంఘాలున్నాయి, నంద్యాల వైపు ఆంగ్లికన్లు, ఇప్పుడు ఊరూరా పెంతెకొస్తు మందిరాలు. వీటిలో చాలాచోట్ల ఆదివారం పొద్దున పాట పిల్లి పిల్లది, సాయంత్రం "ఈరోజే నిర్ణయం తీసుకో" అన్న పిలుపు కోతి పిల్లది. ఎవరూ ఇబ్బంది పడరు. నాకు అది తప్పుగానూ అనిపించదు. మోసినవాణ్ణి తలుచుకుంటే పిల్లి పిల్లలా ఉంటుంది, జారిపోతామన్న భయం వేసినప్పుడు కోతి పిల్లలా ఉంటుంది.

బైబిల్లోనే ఉన్న యాకోబు పత్రిక సంగతి త్వరగా చెప్పేస్తాను, ప్రతి వాదంలోనూ దాన్ని తెస్తారు కాబట్టి. క్రియలు లేని విశ్వాసం మృతం అంటుంది ఆ పత్రిక, మనిషి విశ్వాసం వల్ల మాత్రమే నీతిమంతుడు కాడని కూడా అంటుంది. లూథర్ దాన్ని గడ్డి పత్రిక అన్నాడు, కోపం ఆపుకోలేక. చెట్టు బతికుందా అని అడిగేవాడికి యాకోబు కాయలు చూపిస్తున్నాడు. ఎవరు నాటారని అడిగేవాడికి పౌలు జవాబు చెబుతున్నాడు. కృప ఎక్కువ కావడానికి పాపం చేస్తూ ఉందామా అన్న ప్రశ్న పౌలు తనే వేసుకుని "అట్లనరాదు" అన్నాడు కదా.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువ ఆపేది మన దగ్గర ఈ బోధ చేరిన సమయం. 1876-78 కరువులో మద్రాసు ప్రెసిడెన్సీలో ఘోరంగా దెబ్బతిన్న జిల్లాల్లో కర్నూలు, కడప, బళ్లారి ఉన్నాయి. అనంతపురం అప్పటికి బళ్లారిలో భాగం, 1882లో విడిపోయింది. ఆ ముందూ వెనకా దశాబ్దాల్లోనే మాల, మాదిగ వాడలు పెద్ద ఎత్తున క్రైస్తవంలోకి వచ్చాయి. గంజి కోసం వచ్చారని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటారు. మిషనరీలకూ ఆ అనుమానం ఉండేది. ఒంగోలు ప్రాంతంలో అమెరికన్ బాప్టిస్టులు కరువు పనులు నడిచిన నెలల్లో బాప్తిస్మాలు ఆపేశారు. కరువు తగ్గాక 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. ఉచితం అని ప్రకటించినవాళ్లే, ఎందుకొస్తున్నావని పరీక్ష పెట్టాల్సి వచ్చింది.

ఆ జనానికి కృప అన్న మాట ఎలా వినపడి ఉంటుందో ఆలోచించండి. నీ పుట్టుక నీ పూర్వకర్మకు వచ్చిన జీతం అని తరతరాలుగా విన్నవాళ్లు. వాళ్ల బతుకు నిండా ఎవరో రాసిన లెక్కలే. అలాంటివాడికి, దేవుడి దగ్గర జీతాల పుస్తకం లేదు అని చెబితే, అది పండితుల చర్చలా వినపడదు. రెడ్డి ఇంటి ముందు చెప్పులు చేతబట్టుకుని నడిచినవాడికి, ఎవడూ అతిశయపడ వీలులేదు అన్న ఎఫెసీ పత్రిక మాట ఎవరి గురించో వెంటనే అర్థమయ్యే ఉంటుంది.

అందుకే ఇప్పటి కొన్ని మందిరాల్లో వినేది నాకు మింగుడుపడదు. గోడ మీద "కృపచేతనే" అని పెద్ద అక్షరాలు. మైకులో దశమభాగం, అంటే రాబడిలో పదోవంతు కానుక, ఎగ్గొడితే బోరు ఎండుతుందనీ, ఇన్ని రోజులు ఉపవాసం ఉంటే వీసా వస్తుందనీ. పోపుతో తగువుపడి బయటికొచ్చినవాళ్ల వారసులు మళ్లీ పత్రాల అమ్మకం దగ్గరికే చేరారు, ఈసారి పత్రం కూడా ఇవ్వరు.

రెండో వైపు తప్పు ఇంకా బరువైంది. దేవుడు క్షమించాడు కాబట్టి మనుషులకు పడ్డ బాకీ కూడా రద్దయిందనుకోవడం. సిద్ధాంతం ఆ మాట ఎక్కడా అనలేదు. యెరికోలో జక్కయ్య అనే సుంకాల అధికారి ఇంటికి యేసు తనే పోయాడు, అతను ఏమీ కట్టకముందే. పోయిన తర్వాత జక్కయ్య లేచి, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. ముందు కృప వచ్చింది, దాని వెనకే తిరిగి ఇవ్వడం నడిచింది. మా ఊరి ఆయన చివరి మూడు నెలల్లో భార్య చేయి పట్టుకుని ఏడ్చాడని చెప్పుకుంటారు. ఆ కూడికలో ఆమె వంటల దగ్గర ఉంది. ఆమె ఏమనుకుంటోందో పాస్టరు గారూ అడగలేదు, మా పెద్దనాయనా అడగలేదు. నేనూ అడగలేదు.

ఆ రాత్రి మిద్దె మీద పడుకుని పెద్దనాయనకు తప్పిపోయిన కుమారుడి కథ మళ్లీ చెప్పాను. చిన్నోడి గురించి కాకుండా పెద్దోడి గురించి. ఆస్తి తగలేసి వచ్చిన తమ్ముడికి విందు చేస్తున్నారని తెలిసి పెద్దోడు కోపంతో ఇంట్లోకి పోలేదు. ఇన్నేళ్లు చాకిరీ చేశాను, నాకు ఒక మేకపిల్లను కూడా ఇవ్వలేదు అన్నాడు. కొడుకై ఉండి జీతగాడిలా లెక్క చెప్పాడు. తండ్రి బయటికొచ్చి, నాదంతా నీదే కదరా అని బతిమాలాడు. అంతటితో కథ ఆగిపోతుంది, పెద్దోడు లోపలికి పోయాడో లేదో లూకా రాయలేదు.

పెద్దనాయన చాలాసేపు ఏమీ అనలేదు, నిద్రపోయాడనుకున్నాను.

"పోయింటాడులే," అన్నాడు పక్కకు తిరిగి. "ఆకలైతే యాడికి పోతాడు?"